ఒక్క బ్యాగు రక్తం ముగ్గురికా?

ప్రశ్న: మా ఊళ్లో పెట్టిన క్యాంపులో రక్తం ఇచ్చాను. ఆ ఒక్క బ్యాగునే మిషన్‌లో వేసి మూడు చేసి, ముగ్గురికి ఎక్కిస్తారని తర్వాత తెలిసింది. అలా చేస్తే రక్తంలో సత్తువ తగ్గదా? డబ్బు కోసమే చేస్తున్నారా?
– ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: సత్తువ తగ్గదండీ. రక్తాన్ని ఎర్ర కణాలు, ప్లాస్మా (పసుపు ద్రవం), ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు) అని మూడు భాగాలుగా విడదీస్తాం. రోగికి చాలాసార్లు వాటిలో ఒక్క భాగమే కావాలి. పుట్టుకతో వచ్చే రక్త జబ్బు తలసీమియా ఉన్న పిల్లలకు కొన్ని వారాలకోసారి ఎర్ర కణాలు ఎక్కించాలి. అక్కర్లేని ప్లాస్మా కూడా పోస్తే ఆ భారం వాళ్ల చిన్న గుండె మీద పడుతుంది. డెంగీలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయి రక్తస్రావమవుతున్న మనిషికి కావాల్సింది ప్లేట్‌లెట్లు.

నేను బ్లడ్ బ్యాంకులో ఇలా రక్తాన్ని విడదీసే కాంపొనెంట్ గదిలో టెక్నీషియన్‌ని. మీ రక్తం పట్టిన బ్యాగుకు ట్యూబులతో మరో రెండు ఖాళీ బ్యాగులు అతికి ఉంటాయి. మూడింటినీ మడిచి, గిరగిరా తిప్పే మిషన్ సెంట్రిఫ్యూజ్ కప్పులో నిలబెడతాం. ఎదురెదురు కప్పుల బరువు సమానంగా ఉండాలి. త్రాసులో తేడా వస్తే తేలిక వైపు రబ్బరు ముక్కలు వేస్తాం. ఎంత హడావిడిగా ఉన్నా ఈ పని వదలకూడదు. బరువు తప్పితే మిషన్ అదురుతుంది, విడిపోయిన పొరలు మళ్లీ కలుస్తాయి.

22 డిగ్రీల దగ్గర మొదట తక్కువ వేగంతో తిప్పితే ఎర్ర కణాలు అడుగుకు దిగుతాయి, ప్లేట్‌లెట్లున్న పసుపు ప్లాస్మా పైన నిలుస్తుంది. బ్యాగును నొక్కే పరికరం ఎక్స్‌ప్రెసర్‌కు తగిలించి, ట్యూబులోని ప్లాస్టిక్ పుల్లను విరిస్తే, స్ప్రింగు పలక నొక్కుడికి ఆ ప్లాస్మా పక్క బ్యాగులోకి వెళ్తుంది. ఎర్ర గీత మెడదాకా వచ్చేసరికి క్లాంపు పడాలి. అప్పుడు ఎవరు పిలిచినా నేను పలకను. పసుపు బ్యాగును ఈసారి వేగంగా తిప్పితే ప్లేట్‌లెట్లు అడుగున చేరతాయి. పైనున్న ప్లాస్మాను మూడో బ్యాగులోకి పంపేస్తాం.

మామూలు ట్రిపుల్ బ్యాగులో ఎర్ర కణాలు ఫ్రిజ్‌లో 35 రోజులు ఉంటాయి. ప్లాస్మా మైనస్ 30 డిగ్రీల్లో ఏడాది ఉంటుంది. ప్లేట్‌లెట్లకు 5 రోజులే ఆయుష్షు, అదీ 20–24 డిగ్రీల్లో అజిటేటర్ అనే ఊపే యంత్రం మీద ఆగకుండా ఊగుతుంటేనే. మంచి బ్యాగును లైటుకు ఎదురుగా పట్టి మెల్లగా కదిపితే, లోపల పట్టుచీర మెరుపులాంటి సుళ్లు తిరుగుతాయి. ఆ మెరుపు కనబడకపోతే వార్డుకు పంపడానికి నాకు మనసొప్పదు.

మీ క్యాంపు ఎంత దూరమన్నదీ ముఖ్యమే. ప్లేట్‌లెట్లు తీయాలంటే రక్తం ఆరు గంటల్లోపు, చల్లబడకుండా మా గదికి చేరాలి. ఐస్ మీద పెట్టి తెస్తే ప్లేట్‌లెట్లు దక్కవు.

ఇక డబ్బు సంగతి. మూడు బ్యాగులకూ విడివిడిగా చార్జీ ఉంటుంది, నిజమే. బ్యాగు, పరీక్షలు, నిల్వ ఖర్చులకే అది. రక్తం అమ్మే సరుకు కాదని, ప్రాసెసింగ్ చార్జీలు తప్ప ఇంకేమీ తీసుకోవద్దని 2023 డిసెంబరులో రాష్ట్రాలకు రాసిన లేఖలో కేంద్ర డ్రగ్స్ కంట్రోల్ సంస్థ స్పష్టంగా చెప్పింది. ఎవరైనా అంతకుమించి అడిగితే రసీదు తీసుకుని డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు చేయండి.

మళ్లీ ఇవ్వడానికి మగవాళ్లు మూడు నెలలు ఆగాలి. ఆస్పిరిన్ వేసుకుని మూడు రోజులు కాకపోతే ముందే చెప్పండి, మీ ప్లేట్‌లెట్లు వాడం. ఖాళీ కడుపుతో రావద్దు, అలాగని బిర్యానీ తిని నేరుగా రావద్దు. కొవ్వుతో ప్లాస్మా తెల్లగా, చిక్కగా వస్తే పక్కన పెట్టేయాల్సి వస్తుంది. ఇడ్లీ తిని, నీళ్లు బాగా తాగి రండి.