అనంతపురం నుంచి బందరు: ఒక్క పగలు సరిపోతుందా?

అనంతపురం నుంచి మచిలీపట్నం (బందరు) పోయి ఒక్క పగట్లో చూసి రావచ్చా, అసలక్కడ ఏం మిగిలింది అని అడిగారు. చూడ్డానికి ఒక పగలు చాలు. ప్రయాణానికి మాత్రం అటొక రాత్రి, ఇటొక రాత్రి పోతాయి. యశ్వంతపూర్ నుంచి వచ్చే కొండవీడు ఎక్స్‌ప్రెస్ అనంతపురం, డోన్, నంద్యాల మీదుగా నేరుగా బందరు చేరుతుంది. అయితే అది రోజూ ఉండదు, కాబట్టి తిరుగు టికెట్ విజయవాడ నుంచి తీసుకోండి. బందరు నుంచి విజయవాడకు 70 కిలోమీటర్లు. బస్సులకు కొదవ లేదు, రెండు గంటలు వేసుకోండి.

ముందు కోట, డచ్చివాళ్ల సమాధులు చూడండి. గుత్తినో గండికోటనో మనసులో పెట్టుకుని పోతే బందరుకోట దగ్గర ఉసూరుమంటారు. మన కోటలకు కొండే అండ. ఇక్కడ అంతా పల్లపు నేల, పక్కనే సముద్రం. 1864 నవంబరు 1న వచ్చిన తుపాను ఉప్పెనలో సుమారు 30 వేల మంది చనిపోయారు. ఆ సంగతి తెలిసి చూస్తే ఆ శిథిలాలు వేరుగా కనిపిస్తాయి. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు స్థావరాలు పెట్టుకున్న గోల్కొండ రేవు ఇది. తీరం దగ్గర లోతు లేక ఓడలు దూరాన లంగరు వేస్తే, సరుకు పడవల్లో ఒడ్డుకు చేరేది. 1641లో ఇంగ్లీషువాళ్ల పెద్ద స్థావరం మద్రాసుకు మారింది.

సమాధుల రాళ్ల మీద అక్షరాలు, వంశచిహ్నాలు ఉబ్బెత్తుగా చెక్కి ఉంటాయి. పొద్దున ఏటవాలు ఎండలో బాగా తేలతాయి. మధ్యాహ్నం నీడ పడదు, ఫోటోలో ఏమీ కనపడదు.

తర్వాత పది కిలోమీటర్ల దూరంలోని పెడన, కలంకారీ అద్దకం ఊరు. ఎక్కువ సమయం ఇక్కడే ఇవ్వండి. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తే, ఇక్కడ చెక్క అచ్చులతో అద్దుతారు. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు. ఇనుప తుప్పు, బెల్లం ఊరబెట్టిన నీళ్లు నలుపునిస్తాయి. పటిక అద్దిన చోట, రంగునీళ్లలో ఉడకబెట్టేటప్పుడు ఎరుపు పడుతుంది. ఆరబెట్టడానికి ఎండ కావాలి కాబట్టి వానల్లో పోతే పని సాగదు. కొనేటప్పుడు గుడ్డ తిరగేసి చూడండి: రంగు వెనక్కి దిగి ఉండాలి, అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు కాస్త అటూ ఇటూ ఉండాలి. అన్నీ గీత గీసినట్టుంటే స్క్రీన్ ప్రింటు అనుకోవచ్చు.

సాయంత్రం నాలుగింటికి మంగినపూడి బీచ్, ఊరి నుంచి 11 కిలోమీటర్లు. ఇసుక తిన్నెలు అనుకోవద్దు, నల్లమట్టి. చెప్పులు దిగబడతాయి, చేత పట్టుకుని నడవండి. కాళ్లు కడుక్కోవడానికి సీసాలో నీళ్లు ఉంచుకోండి. కార్తీక పౌర్ణమికి స్నానాలకు జనం పోటెత్తుతారు, ఊరు చూడాలనుకునేవాళ్లు ఆ రోజు మానుకోవడం మేలు. తుపాను హెచ్చరిక ఉంటే అసలు బయల్దేరవద్దు.

బందరు లడ్డు చివర్లో, బస్సెక్కబోయే ముందు కొనండి. నేతి సరుకు, పగలంతా ఎండలో సంచిలో తిప్పితే మెత్తబడి ముద్దవుతుంది.