కొత్త వేక్‌బోటు, ఇరవై ఏళ్ల వాయిదాలు

ప్రశ్న: మేము టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. నేను హెచ్-1బి వీసా మీద ఉన్నాను, ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం యజమాని వేసే దరఖాస్తు) ఆమోదం పొందింది. నా భార్య హెచ్-4 ఈఏడీ (హెచ్-1బి వారి భాగస్వామికి ఇచ్చే పని అనుమతి) మీద ఉద్యోగం చేస్తోంది. ఇద్దరి జీతం కలిపి ఏడాదికి 2,90,000 డాలర్లు. పిల్లల వయసు 12, 9. ఇంటి లోను 4,20,000 మిగిలి ఉంది, వడ్డీ 2.875 శాతం. 401కె రిటైర్మెంట్ ఖాతాలలో 4,10,000, షేర్లలోనూ ఫండ్లలోనూ 95,000, బ్యాంకులో 40,000, పిల్లల చదువుకోసం దాచే 529 ఖాతాలలో 38,000 ఉన్నాయి. గుంటూరులో ఉన్న అమ్మానాన్నలకు నెలకు 800 పంపుతున్నాం. పోయిన వేసవిలో లూయిస్‌విల్ సరస్సు మీద రెండుసార్లు డ్రైవరుతో సహా బోటు అద్దెకు తీసుకున్నాం. నాలుగు గంటలకు 900 అయింది. పిల్లలు వేక్‌సర్ఫింగ్‌కు (బోటు వెనుక లేచే అల మీద బోర్డుపై నిలబడి జారే ఆటకు) బాగా అలవాటుపడ్డారు. ఇప్పుడు ఒక డీలరు అలాంటి అలను లేపేందుకే తయారుచేసే 23 అడుగుల కొత్త వేక్‌బోటుకు, ట్రైలరుతో కలిపి, 1,89,000 చెప్పాడు. 20 శాతం డౌన్ పేమెంట్, పన్ను కూడా లోనులో కలిపితే 1,63,000 అప్పు, 8 శాతం వడ్డీ, 20 ఏళ్లు, నెలకు 1,363. ధరలు ఏటా పెరుగుతున్నాయి కాబట్టి ఆలస్యం చేస్తే నష్టమని అంటున్నాడు. ఈ వాయిదా మాకు భారం కాదు. డౌన్ పేమెంట్ బ్యాంకులో ఉన్న డబ్బుతో కట్టి, వాడని రోజుల్లో బోటును అద్దెకు తిప్పితే ఎలా ఉంటుంది?

జవాబు: ముందు నా అభిప్రాయం చెప్పి, తర్వాత కారణాలలోకి వెళతాను. బోటు కోరికను నేను తప్పు పట్టను; మీ ఆదాయానికి అది అందనిదేమీ కాదు. కానీ ఈ బోటును, ఈ అప్పుతో, ఈ ఏడాది కొనవద్దని గట్టిగా చెబుతున్నాను. మీరు చూస్తున్నది నెల వాయిదాను. నేను చూస్తున్నది ఏదో ఒక రోజున ఆ బోటును వదిలించుకోవలసి వస్తే మీ చేతిలో ఏం మిగులుతుందన్నదాన్ని.

మీరు కట్టే మొదటి వాయిదా 1,363 డాలర్లలో దాదాపు 1,087 వడ్డీకే పోతుంది. అసలులో తగ్గేది 276 మాత్రమే. ఐదేళ్లు ఒక్క నెల కూడా తప్పకుండా కడితే మీ జేబులోంచి 81,800 వెళుతుంది, అప్పు మాత్రం ఇంకా 1,42,700 దాకా మిగిలి ఉంటుంది. ఇరవై ఏళ్లూ కడితే వడ్డీ ఒక్కటే 1,64,000 దాటుతుంది, అంటే తీసుకున్న అప్పుకంటే కాస్త ఎక్కువే. ఐదేళ్లలో బోటు విలువ 40 శాతం తగ్గుతుందని అనుకుందాం. ఎక్కువ గంటలు నడిచిన బోటుకు ఇది అతిశయోక్తి కాదు. అప్పుడు దాని వెల 1,13,400. అమ్మిన రోజున వచ్చిన డబ్బుతో పాటు మరో 29,000 డాలర్లు మీరే ఎదురు కట్టి అప్పు తీర్చాలి, మధ్యవర్తి కమీషను ఉంటే అది అదనం. ఇరవై ఏళ్ల గడువు పెట్టింది వాయిదాను చిన్నదిగా చూపించడానికే; ఇదే అప్పును పదేళ్లలో తీర్చాలంటే నెలకు 1,978 అవుతుంది, ఆ అంకె చూస్తే మీరు మరోసారి ఆలోచించి ఉండేవారు.

ఇక మీ ఇంటి ప్రత్యేక పరిస్థితి. మీవి రెండు జీతాలు అనుకుంటున్నారు గానీ, మీ శ్రీమతి గారి పని అనుమతి మీ హెచ్-1బి మీద ఆధారపడి ఉంది కాబట్టి, రెండూ ఒకే ఉద్యోగానికి వేలాడుతున్నాయి. మీ ఉద్యోగం పోతే కొత్త యజమానిని వెతుక్కోవడానికో, స్టేటస్ మార్చుకోవడానికో మీకుండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆ 60 రోజులు జనవరిలో వచ్చాయనుకోండి, ఉత్తర టెక్సాస్‌లో వేక్‌బోటు కొనేవారు దొరకడమే కష్టం. ఇల్లు అయితే అద్దెకిచ్చి గుంటూరు వెళ్లవచ్చు, 401కెను అక్కడే వదిలి వెళ్లవచ్చు. ఈ బోటును అప్పుతో సహా వదిలి వెళ్లడం కుదరదు. అటువంటి రోజుకోసమే బ్యాంకులో 40,000 దాచుకున్నారు, డౌన్ పేమెంట్ 37,800 కడితే అందులో మిగిలేది రెండు వేల చిల్లర. నా దృష్టిలో ఈ ప్రతిపాదనలోకెల్లా పెద్ద లోపం ఇదే.

ఖర్చు మాటకు వద్దాం. మీ గరాజులో ఉన్నవి హోండా ఒడిస్సీ, టెస్లా మోడల్ వై అయితే (మన ఇళ్లలో ఇది మామూలే) ఏ ఒక్కటీ 3,500 పౌండ్లకు మించి లాగలేదు. 23 అడుగుల వేక్‌బోటు, ట్రైలరు, ఇంధనం కలిస్తే ఏడు వేల పౌండ్లు దాటుతుంది. అంటే పికప్ ట్రక్కు కొనాలి, లేదా మరీనాలో నెలనెలా అద్దె కట్టి నిలపాలి. మరీనాకు నెలకు 400, బీమాకు ఏడాదికి 2,000, సర్వీసుకూ చలికాలానికి ముందు ఇంజనులో నీళ్లు తీయించడానికీ 1,500, ఇరవై విహారాలలో అరవై గంటలు ఇంజను నడిస్తే గంటకు పది గ్యాలన్ల లెక్కన ఇంధనానికి 2,700 వేసుకుంటే మొత్తం ఏడాదికి 11,000 అవుతుంది. ఐదేళ్ల వడ్డీ 61,500, విలువ తరుగు 75,600, నిర్వహణ 55,000, టెక్సాస్ అమ్మకపు పన్ను 6.25 శాతం చొప్పున 11,800 కలిపితే 2,04,000 డాలర్లు. ఏడాదికి 20 సార్లు, ఐదేళ్లలో 100 సార్లు వెళ్లారనుకున్నా ఒక్కో విహారానికి రెండు వేలకు పైగా పడుతుంది. మీరు పోయిన ఏడాది డ్రైవరుతో సహా ఇచ్చింది 900. పైగా ఏడాదికి 20 సార్లు వెళ్లే కుటుంబాలు చాలా తక్కువ. పెద్ద బిడ్డ హైస్కూల్లో చేరాక శనివారాలు ఎవరి చేతిలో ఉంటాయో మీకు తెలుసు.

ధరలు పెరుగుతున్నాయన్న డీలరు మాటలో అబద్ధం లేదు. 2020, 2021లలో ఇళ్లలో కూర్చున్నవారంతా సరస్సుల మీద పడ్డారు, ఇంజన్లూ విడిభాగాలూ దొరకలేదు, ధరలు ఎగిశాయి. 2022 మార్చి నుంచి 2023 జూలై వరకు ఫెడరల్ రిజర్వు వడ్డీరేటును దాదాపు సున్నా నుంచి 5.25-5.50 శాతానికి తీసుకెళ్లింది, దాంతో బోటు అప్పులూ ఖరీదయ్యాయి. 2025లో అల్యూమినియం దిగుమతి సుంకాన్ని మార్చిలో 25 శాతానికీ, జూన్‌లో 50 శాతానికీ పెంచారు. బోటు మీది టవరు చాలావరకు ఆ లోహంతోనే తయారవుతుంది. కానీ అదే కథకు రెండో వైపు చూడండి. మాలిబు బోట్స్ కంపెనీ అమ్మకాలు, దాని ఇతర బ్రాండ్లతో కలిపి, 2023 జూన్‌తో ముగిసిన ఏడాదిలో 139 కోట్ల డాలర్లు కాగా, మరుసటి ఏడాది 83 కోట్లకు పడిపోయాయి; అమ్ముడైన బోట్ల సంఖ్య 45 శాతం తగ్గింది. మాస్టర్‌క్రాఫ్ట్ అమ్మకాలు 66 కోట్ల నుంచి 37 కోట్లకు దిగాయి. అయినా మాలిబులో ఒక్కో బోటు మీద వచ్చిన సగటు రాబడి సుమారు 9 శాతం పెరిగింది. గిరాకీ కుప్పకూలినా కంపెనీలు తయారీని తగ్గించుకున్నాయి తప్ప తాము ప్రకటించే ధరను దించలేదు. తగ్గింపు ఏదైనా దొరికితే డీలరు దగ్గరే దొరుకుతుంది. షోరూములో నిలిచిపోయిన ప్రతి బోటు మీద డీలరు తన ఫైనాన్సు కంపెనీకి వడ్డీ కడుతూనే ఉంటాడు, కొత్త మోడల్ సంవత్సరం జూలై ప్రాంతంలో మొదలవుతుంది, కాబట్టి శరదృతువులో మిగిలిపోయిన పాత మోడల్ మీద అతను బేరానికి దిగుతాడు. పెరిగే ధరను చూసి తొందరపడటం స్థలం విషయంలో అర్థం చేసుకోగలను. కొన్న మరునాటి నుంచి విలువ తగ్గే వస్తువు విషయంలో ఆ తొందర వల్ల లాభపడేది అమ్మేవాడే.

మీరు పంపిన కొటేషన్ కూడా చదివాను. వేక్‌బోటుకు ప్రాణం నాలుగైదు విషయాలలో ఉంది: ప్రొపెల్లరు బోటు అడుగున ఉండే ఇన్‌బోర్డు ఇంజను, సరస్సు నీటిని నింపుకుని బోటును లోతుగా కూర్చోబెట్టే బ్యాలస్టు ట్యాంకులు, అలను ఎడమకో కుడికో మలిచే సర్ఫ్ వ్యవస్థ, గంటకు 10-12 మైళ్ల వేగాన్ని స్థిరంగా పట్టి ఉంచే జీపీఎస్ నియంత్రణ, మడిచిపెట్టగల టవరు. మామూలు అవుట్‌బోర్డు బోటు వెనుక ప్రొపెల్లరు బయటికి ఉంటుంది కాబట్టి దాని వెనుక సర్ఫింగ్ చేయించకూడదు. చవకైన బోటుతో సరిపెట్టుకుందాం అన్న ఆలోచన ఇక్కడ పనికిరాదు. ఈ అవసరాలకు పెట్టే డబ్బు మీద నాకు అభ్యంతరం లేదు. అయితే మీ కొటేషన్‌లో సూపర్‌ఛార్జ్‌డ్ ఇంజనుకు 13,800, టవరు స్పీకర్లకు 9,400, ప్రత్యేక రంగుకూ ట్రైలరు చక్రాలకూ 6,200 ఉన్నాయి. గాలి పలచబడే ఎత్తైన చోట్ల, ఉదాహరణకు 6,200 అడుగుల ఎత్తున ఉన్న టాహో సరస్సు మీద, పెద్ద ఇంజనుకు అర్థముంది. లూయిస్‌విల్ సరస్సు నీటిమట్టం సముద్రమట్టానికి 522 అడుగులు. అక్కడ మామూలు ఇంజనుకు సరైన ప్రొపెల్లరు బిగిస్తే మీ పిల్లలకు చాలు. ఈ మూడింటికి పన్నుతో కలిపి 31,200 అవుతుంది. ఇరవై ఏళ్ల అప్పులో అదే నెలకు 261, మొత్తం 62,700 డాలర్లు. ఆ మొత్తం మీ ఇద్దరు పిల్లల 529 ఖాతాలలో ఇప్పుడున్నదానికంటే ఎక్కువ.

అద్దెకు తిప్పే ఆలోచనను ఇక్కడితో ఆపేయమని కోరుతున్నాను. హెచ్-1బి మీద ఉన్నవారు యజమాని వద్ద తప్ప వేరే పని చేయకూడదు; బోటు బుకింగులు చూసుకుంటూ, సరస్సు దగ్గర అప్పగిస్తూ సంపాదిస్తే అది పని కిందికి వస్తుందా అన్నది వలస వ్యవహారాల న్యాయవాదిని అడగకుండా మీరూ నేనూ తేల్చుకోవలసిన సంగతి కాదు. గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నవారు ఏడాదికి కొన్ని వేల డాలర్ల కోసం ఆ ప్రశ్నకు తావివ్వకూడదు. సొంత వాడకానికి తీసుకున్న బోటు బీమా అద్దె వాడకానికి సాధారణంగా వర్తించదు కూడా. స్నేహితులు ఇంధనం ఖర్చు పంచుకోవడం వేరు. నాలుగు కుటుంబాలు కలిసి అప్పు మీద సంతకాలు పెట్టడం వేరు. రెండోదానిలో ఒకరు ఊరు మారినా, మొత్తం బాకీ మిగిలినవారి నెత్తిన పడుతుంది.

డబ్బు తెచ్చే ఇతర దారుల గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు. ఇంటి మీద హెలాక్ (ఇంటి విలువ మీద ఇచ్చే అప్పు) తీసుకుంటే ఇల్లు తాకట్టులో పడుతుంది. ఆ సొమ్ముతో బోటు కొంటే వడ్డీకి పన్ను మినహాయింపు కూడా రాదు. బోటును రెండో ఇల్లుగా చూపి వడ్డీ మినహాయింపు తీసుకోవచ్చన్న మాట పడుకునే చోటు, వంట ఏర్పాటు, మరుగుదొడ్డి ఉన్న పెద్ద బోట్లకు సంబంధించింది. 401కె నుంచి అప్పు తీసుకుని ఉద్యోగం పోతే, ఆ ఏడాది పన్ను రిటర్ను గడువులోగా తిరిగి కట్టాలి, లేకపోతే ఆదాయంగా లెక్కించి పన్ను వేస్తారు, వయసు తక్కువైతే పది శాతం జరిమానా తోడవుతుంది. మీ వీసా పరిస్థితిలో ఈ దారి వద్దే వద్దు.

నేను సూచించేది ఇది. వాయిదా 1,363, నెలవారీ నిర్వహణ 917 కలిపి 2,280 డాలర్లను, బోటు ఉన్నట్టే భావించి, వచ్చే రెండేళ్లు ప్రత్యేక సేవింగ్స్ ఖాతాలో వేయండి. అందులోంచే ప్రతి వేసవిలో ఆరుసార్లు బోటు అద్దెకు తీసుకోండి. రెండేళ్లకు ఖాతాలోకి 54,700 వెళుతుంది, అద్దెలకు 10,800 పోగా దాదాపు 44,000 మిగులుతుంది. నెల వాయిదా భారం కాదన్న మీ మాట ఎంతవరకు నిజమో ఈ ఖాతాయే చెబుతుంది. ఒక్క ఆర్నెల్లు కూడా వేయలేకపోతే బోటు సంగతి అప్పుడే తేలిపోతుంది. బ్యాంకులోని 40,000ను ముట్టుకోవద్దు.

ఆ తర్వాత చలికాలంలో, ఆరేడేళ్ల వయసున్న వాడిన బోటు కోసం చూడండి. అలను మలిచే సర్ఫ్ వ్యవస్థలు 2013 మోడళ్ల కాలం నుంచే ప్రధాన కంపెనీల బోట్లలోకి రావడం మొదలైంది. తర్వాత చేరినవాటిలో ఎక్కువ భాగం తెరలు, కెమెరాలు, సీట్ల సౌకర్యాలే. 85,000కు బోటు దొరికి, పన్నుతో 90,300 అయి, అందులో సగం మీరే కడితే, 45,000 అప్పును ఏడేళ్లలో 9 శాతానికి తీర్చడానికి నెలకు 724 అవుతుంది. మూడేళ్లకు బాకీ 29,000కు దిగుతుంది. బోటు 65,000కే అమ్ముడైనా మీ చేతికి 36,000 వస్తుంది. ఏ నెలలో వదిలేయవలసి వచ్చినా ఎదురు కట్టే పని ఉండదు. కొన్న రోజునే బోటు పాలసీ, దాన్ని గుర్తించే అంబ్రెల్లా పాలసీ (ఇతరులకు దెబ్బ తగిలితే మామూలు బీమా పరిమితికి మించిన బాధ్యతను భరించేది) రెండూ తీసుకోండి; తాడు పట్టుకుని వెనుక వచ్చేది స్నేహితుల పిల్లలు కూడా కావచ్చు.

వాడిన బోటును స్వతంత్ర సర్వేయరు (బోట్లను తనిఖీ చేసే నిపుణుడు) చేత, నీటి మీదే పరీక్ష చేయించాలి. ఆ బోటు ఇంతకాలం ఏ సరస్సులలో తిరిగిందో అడగండి: టెక్సోమా, రే రాబర్ట్స్, లూయిస్‌విల్ సరస్సులన్నింటిలోనూ జీబ్రా మసెల్స్ అనే చిన్న ఆల్చిప్పలు వ్యాపించాయి, నీళ్లు పూర్తిగా తీయకుండా వదిలిన బ్యాలస్టు గొట్టాలలో, ఇంజను చల్లబరిచే నీటి దారుల్లో అవి పట్టుకునే ప్రమాదముంది. రెండు వైపుల ట్యాంకులనూ ఒకేసారి పూర్తిగా నింపించి, తర్వాత ఖాళీ చేయించి, ఏ వైపు ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. ఒక వైపు బాగా ఆలస్యమైతే పంపో, గొట్టమో పాడైందని అర్థం; ఆ మరమ్మతును ధరలోంచి తగ్గించుకోవాలి. ఈ పరీక్షకు అమ్మేవారు ఒప్పుకోకపోతే అడ్వాన్సు ఇవ్వకుండా వచ్చేయండి.