ఎండా వానా తగిలే టేకు తలుపుకు నిలిచే మెరుపు ఎలా వస్తుంది?

వీధి తలుపు పాలిష్ ఏడాదికే పెచ్చులుగా లేచిపోతోందంటే, చాలా ఇళ్లలో కారణం లోపలి సామానుకు వాడే మెలమైన్ అనే పాలిష్‌ను బయట పూయడమే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పారదర్శకమైన పూత గుండా దిగి, చెక్క నారలను పట్టి ఉంచే లిగ్నిన్‌ను దెబ్బతీస్తాయి కనుక, వాటిని అడ్డుకునే ఎక్స్‌టీరియర్ పీయూనే (బయటి చెక్కకు వాడే పాలీయురెథేన్ పూతనే) ఎంచుకోవాలి.

పాత పొరను పూర్తిగా తీసి, 120, ఆపై 180 నంబరు సాండ్‌పేపర్‌తో చెక్క చారల వెంబడి రుద్ది, టేకులోని సహజమైన నూనె పూతను సరిగా పట్టనివ్వదు కాబట్టి థిన్నర్‌తో తడిపిన గుడ్డతో తుడవాలి. మొదటి పూత పలుచగా ఉండి చెక్కలోకి ఇంకాలి. లోతైన మెరుపు ఒక్కసారి మందంగా పూస్తే రాదు. తరువాతి మూడు నాలుగు పూతల్లో ప్రతిదాన్నీ పూర్తిగా ఆరనిచ్చి, మధ్యలో 320 కాగితంతో తేలికగా రుద్దే ఓపికలోనే ఆ మెరుపు ఉంది. తలుపు అడుగు అంచును మాత్రం దయచేసి వదలకండి, తేమ ఎక్కువగా ఎక్కేది అక్కడినుంచే.