జర్మనీ వెళ్తున్న మా పాపకు, డబ్బు గురించి

అనంతపురం

చిరంజీవి పాపను పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నీ స్కాలర్‌షిప్ లేఖ మీ అమ్మ వాట్సాప్‌లో పంపింది. నెలకు 992 యూరోలు, ఆరోగ్య బీమా వాళ్లదే, ప్రయాణానికి వేరే డబ్బు. ఎంత సంతోషపడ్డానో ఫోన్‌లోనే చెప్పాను. డబ్బు విషయాలు మాత్రం ఫోన్‌లో చెబితే నిలవవు. అవసరం పడ్డ రోజు తీసి చూసుకోవడానికి కాగితం మీద ఉండాలి. అందుకే ఈ ఉత్తరం.

ముందు అసలు మాట చెప్పేస్తాను. ఆ 992 యూరోలు నువ్వు చదువుకున్నందుకు వచ్చే జీతం అనుకో. నీ టైమ్‌కు వాళ్లు ముందే డబ్బు కట్టారు. దాన్ని మళ్లీ ఇంకొకరికి అమ్మే ముందు, అమ్మాల్సిన అవసరం నిజంగా ఉందా అని లెక్క వేసుకోవాలి. నేను అక్కడ చదువుకున్నప్పుడూ చూశాను, ఆ తర్వాత మన జిల్లా నుంచి వెళ్లిన పిల్లల్లోనూ చూశాను. స్కాలర్‌షిప్ ఉన్నవాళ్లు కూడా అవసరం లేకపోయినా పనికి పోతారు. పక్క గది అబ్బాయి పోతున్నాడని పోతారు. యూరోను వందతో గుణించుకుని, గంటకు పద్నాలుగు వందలా అని ఆశపడి పోతారు. అదే గుణకారంతో మూడు యూరోల భోజనం మూడు వందలా అని కడుపు మాడ్చుకుంటారు. ఆ గుణకారాన్ని విమానం ఎక్కేటప్పుడే వదిలెయ్యి. అక్కడి ఖర్చును అక్కడి రాబడితోనే పోల్చుకోవాలి. రూపాయల లెక్క ఇంటికి డబ్బు పంపేటప్పుడు మాత్రమే కావాలి.

నీకు హాస్టల్ గది 340 యూరోలకు దొరికిందన్నావు. మంచి ధర, వదులుకోవద్దు. తిండికి 200 పెట్టుకో, ఇంట్లో వండుకుంటే సరిపోతుంది. ఫోన్‌కు 10. రేడియో, టీవీ రుసుమని ఇంటికి నెలకు 18.36 యూరోలు వసూలు చేస్తారు. నీ గదిలో టీవీ లేకపోయినా కట్టాల్సిందే. నలుగురు కలిసి ఉండే ఇల్లయితే ఒక్కటే కట్టి పంచుకోవచ్చు. యూనివర్సిటీకి ఆరు నెలలకోసారి కట్టే ఫీజు ఊరిని బట్టి మారుతుంది. నెలకు 50 చొప్పున పక్కన పెడుతూ పో, చాలా చోట్ల బస్సు, రైలు పాస్ అందులోనే వస్తుంది. సబ్బులు, పుస్తకాలు, బట్టలు ఉతికే మెషీన్ టోకెన్లు, ఎప్పుడైనా స్నేహితులతో బయట తినడం, వీటికి 80. అన్నీ పోగా నెలకు 290 దాకా మిగులుతుంది పాపా. అంటే పని చెయ్యకపోయినా నీకు గడుస్తుంది. ఈ ఒక్క విషయం మనసులో ఉంటే నువ్వు తీసుకునే నిర్ణయాలన్నీ నిమ్మళంగా తీసుకుంటావు.

కాకపోతే మొదటి నెల ఈ లెక్కకు లొంగదు. ఊళ్లో అడ్రస్ నమోదు చేయించుకోవాలి, బ్యాంకు ఖాతా తెరవాలి, ఆ తర్వాతే స్కాలర్‌షిప్ డబ్బు పడుతుంది. ఈలోగా అద్దె, అడ్వాన్సు, యూనివర్సిటీ ఫీజు, చలికోటు అన్నీ ఒకేసారి మీద పడతాయి. చేతిలో 1,500 యూరోలైనా పెట్టుకుని దిగు. అడ్వాన్సు గురించి ఒకటి తెలుసుకో. అక్కడి చట్టం ప్రకారం ఇంటి అద్దెకు అడ్వాన్సు మూడు నెలల అద్దెకు మించకూడదు, అదీ హీటింగ్, నీళ్ల ఖర్చులు కలపని అద్దె. దాన్ని మూడు నెలసరి వాయిదాల్లో కట్టే హక్కు కూడా నీకుంది. భయపడి మొత్తం ఒకేసారి ఇవ్వనక్కర్లేదు, మర్యాదగా అడుగు. నువ్వు చూడని గదికి, తాళాలు పోస్టులో పంపిస్తానన్న మనిషికి ఒక్క యూరో కూడా వెయ్యొద్దు. ఇల్లు దొరకని ఊళ్లలో ఈ మోసం బాగా నడుస్తుంది.

హీటింగ్ సంగతి కూడా వినాలి. మన ఎండలకు అలవాటు పడ్డవాళ్లం కదా, మొదటి చలికాలం రేడియేటర్ తిరిగినంతా తిప్పేస్తాం. చాలా ఇళ్లలో నెలనెలా కట్టేది అంచనా మాత్రమే. ఏడాదికోసారి లెక్క చూసి, ఎక్కువ వాడి ఉంటే మిగతాది కట్టమని కాగితం పంపుతారు. అది వందల్లో రావచ్చు. హాస్టల్ అద్దెలో అన్నీ కలిసే ఉన్నాయేమో ఒప్పందంలో చూసుకో. లేకపోతే గదిలోనూ స్వెట్టర్ వేసుకునే అలవాటు చేసుకో. చలికోటు వాడినది కొన్నా ఫర్వాలేదు, ఆదివారం సంతల్లో మంచివి దొరుకుతాయి. బూట్లు మాత్రం కొత్తవి, గట్టివి కొనుక్కో. అక్కడ పొదుపు చెయ్యకు.

ఇక పని సంగతి. మొదటి సెమిస్టర్ అసలు వద్దు. భాష, క్లాసులు, చలి, వంట, ఇవే నీకు సరిపోతాయి. ఆ తర్వాత కావాలనుకుంటే ముందు నీ డిపార్ట్‌మెంట్‌లోనే అడుగు. ప్రొఫెసర్ల దగ్గర విద్యార్థి సహాయకులుగా తీసుకుంటారు, పిల్లలు హీవి ఉద్యోగమంటారు. ల్యాబ్‌లో కొలతలు తీయడం, జూనియర్లకు లెక్కలు చెప్పించడం, డేటా సరిచూడడం, ఇలాంటి పనులు. డబ్బు గోడౌన్ పనికి అటూ ఇటూగా ఉంటుంది. కానీ రేపు థీసిస్‌కు గైడ్ కావాలన్నా, సిఫార్సు లేఖ కావాలన్నా నిన్ను ఎరిగిన మనిషి అక్కడే ఉంటాడు. పైగా బయటి పనికి ఉన్న రోజుల పరిమితిలో ఈ పని లెక్కకు రాదు.

ఆ పరిమితి ఏమిటంటే, మన దేశం నుంచి వెళ్లిన విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పని చేయవచ్చు. 2024 మార్చికి ముందు 120, 240 ఉండేవి. నాలుగు గంటల లోపు చేస్తే సగం రోజు. అయిదో గంట మొదలుపెడితే పూర్తి రోజు ఖర్చయినట్టే. వారానికి 20 గంటల లోపు పనిని రెండున్నర రోజులుగా లెక్కకట్టే పద్ధతి కూడా ఇప్పుడు ఉంది. ఏ లెక్క నీకు లాభమో అది వర్తిస్తుంది. గోడకు ఒక క్యాలెండర్ తగిలించి పని చేసిన ప్రతి తేదీ కింద గంటలు రాయి. యజమాని రాస్తాడులే అనుకోకు. వీసా పొడిగింపుకు వెళ్లినప్పుడు అడిగేది నిన్ను. సెమిస్టర్ నడుస్తుండగా వారానికి 20 గంటలు దాటితే బీమా లెక్కలు కూడా మారిపోతాయి.

ఇవి వీసా నియమాలు. స్కాలర్‌షిప్ వాళ్ల షరతులు వేరే ఉంటాయి. పక్క సంపాదన గురించి వాళ్లకు ముందే చెప్పాలి. ఏ పనైనా ఒప్పుకునే ముందు ఎన్ని గంటలు, ఎంత జీతం, ఎవరి దగ్గర అని ఈమెయిల్ రాసి, జవాబు వచ్చాకే సంతకం పెట్టు. ఆ ఈమెయిల్ దాచుకో. దీన్ని చిన్న విషయమనుకుని వదిలేసి స్కాలర్‌షిప్‌కే ఎసరు తెచ్చుకున్న పిల్లలు ఉన్నారు.

2026 జనవరి నుంచి అక్కడ కనీస వేతనం గంటకు 13.90 యూరోలు. చిన్న ఉద్యోగాలకు నెలకు 603 యూరోల దాకా ఒక కోవ ఉంది, మినీజాబ్ అంటారు. అంటే నెలకు 43 గంటలు, వారానికి పది గంటల చొప్పున. చదువుతోపాటు మనిషి మోయగలిగింది అంతే అని నా అభిప్రాయం. రాత్రి షిఫ్టు జోలికి పోకు. గుంతకల్లు అబ్బాయి ఒకడు గోడౌన్‌లో రాత్రి పది నుంచి తెల్లారి ఆరు దాకా పార్శిళ్లు ఎత్తేవాడు. ఎనిమిదింటి ల్యాబ్‌లో మైక్రోస్కోపు ముందు కూర్చుని కళ్లు మూసుకుపోతుంటే చేతిలో పెన్నుతో అరచేతిలో గుచ్చుకునేవాడు. రెండు సబ్జెక్టులు పోయి ఒక సెమిస్టర్ ఎక్కువ పట్టింది. ఆ ఆరు నెలల అద్దె, తిండి కలిపి చూస్తే గోడౌన్‌లో సంపాదించింది దానికే సరిపోయింది.

జీతంలో పన్ను పట్టుకుంటే గాబరా పడకు. ఏడాది మొత్తం మీద నీ జీతం 12,348 యూరోల లోపు ఉంటే (2026కి ఇది పరిమితి) రిటర్న్ వేసి పట్టుకున్న ఆదాయపు పన్ను వెనక్కి తెచ్చుకోవచ్చు. నాలుగేళ్ల దాకా గడువిస్తారు. జీతం స్లిప్పులన్నీ ఒక ఫైల్‌లో పెట్టుకో.

చేతికి నగదు ఇస్తాం, కాగితాలొద్దు అనే హోటళ్లు ఉంటాయి, అందులో మనవాళ్లవీ ఉంటాయి. మన భాష మాట్లాడారని మెత్తబడకు. ఒప్పందం లేని పనిలో వంటగదిలో చెయ్యి కాలితే ప్రమాద బీమా కోసం నువ్వే పోరాడాలి, జీతం ఎగ్గొడితే చూపించడానికి కాగితం ఉండదు, పట్టుబడితే పోయేది నీ వీసా. ఫ్రీలాన్స్‌గా బిల్లులు ఇచ్చి చేసే పని కూడా విద్యార్థి వీసా మీద విడిగా అనుమతి లేకుండా కుదరదు. ఇంట్లో కూర్చుని చేసే పని కదా అని అనుకుంటారు. అదీ కుదరదు.

ఇప్పుడు నాకు రాయడానికి కష్టంగా ఉన్నా రాయాల్సిన సంగతి. మీ నాయన చీనీ తోట కోసం వేయించిన బోర్ల అప్పు ఉందని నాకు తెలుసు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. మూడు లక్షలకు నెలకు ఆరు వేలు, మీ లెక్కలో అరవై యూరోలు. నువ్వు వెళ్లాక మీ నాయన నోరు తెరిచి అడగడు. కానీ చీనీకాయల ధర పడిపోయిందని మీ అమ్మ ఫోన్‌లో చెబుతుంది, నీకు నిద్ర పట్టదు, మర్నాడే పనికి పోవాలనిపిస్తుంది.

అలా చెయ్యొద్దు. ముందు మూడు నెలల ఖర్చు, అంటే రెండు వేల యూరోల పైచిలుకు, నీ ఖాతాలో కదలకుండా ఉండాలి. నెలకు 290 చొప్పున దాచితే ఏడెనిమిది నెలలు పడుతుంది. అప్పటిదాకా ఇంటికి ఒక్క రూపాయి పంపకు. నీకు అక్కడ జబ్బు చేసినా, లాప్‌టాప్ పాడైనా నీ కోసం అప్పు తేవాల్సింది మళ్లీ మీ నాయనే, అదీ అదే రెండు రూపాయలకు. ఆ డబ్బు చేరాక మాత్రం మిగిలింది ఇక్కడ ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయకు, బంగారం కొనకు, చీటీ కట్టకు. నేరుగా ఆ అప్పు అసలుకే కట్టించు. ఇరవై నాలుగు శాతం వడ్డీ పారే అప్పు తీర్చడాన్ని మించిన పొదుపు ఏ బ్యాంకులోనూ లేదు. కట్టిన ప్రతిసారీ ప్రోనోటు వెనక జమ రాయించి, తేదీతో సంతకం పెట్టించి, ఆ ఫొటో నీకు పంపమను. అప్పు ఇచ్చినాయన ఎంత మంచివాడైనా సరే.

పండగకు చీర, తమ్ముడికి ఫోన్, ఇవి మొదటి ఏడాది వద్దని నువ్వే చెప్పెయ్యి. నేనూ చెబుతాను.

వెళ్లే ముందు చెయ్యాల్సినవి కొన్ని ఉన్నాయి. చదువుకు విదేశం వెళ్లినవాళ్లనూ మన రిజర్వు బ్యాంకు నిబంధనలు ఎన్నారైలుగానే చూస్తాయి, కాబట్టి ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్పించాలి. ఓటీపీలు వచ్చే సిమ్‌కు రోమింగ్ ఇక్కడే ఆన్ చేయించు, రీఛార్జ్ ఆగిపోకుండా మీ తమ్ముడికి అప్పజెప్పు. సామానులో చెనిక్కాయల పొడి, రాగిపిండి తీసుకుపో, మొదటి నెల ఆకలికి అవే ఆదుకుంటాయి. నెయ్యి, పాలకోవా లాంటి పాల పదార్థాలు మాత్రం అక్కడికి రానివ్వరు.

ఇంకో రెండు మాటలు గట్టిగా చెబుతున్నాను. ఇక్కడ మీ నాయన రూపాయలిస్తే అక్కడ నీకు యూరోలిస్తాం, రేటు కలిసొస్తుంది అనేవాళ్లు తగులుతారు. అది హవాలా, నేరం. నీ ఖాతాలో డబ్బు వేస్తాం, కమీషన్ ఉంచుకుని ఫలానా ఖాతాకు పంపు అనేవాళ్లూ ఉంటారు. అది దొంగసొమ్ము తిప్పడం, కేసు నీ పేరు మీద పడుతుంది. ఎంత దగ్గరి స్నేహితులైనా కాదని చెప్పు. చేబదులు అడిగితే, తిరిగి రాకపోయినా నీ నెల గడిచేంత మాత్రమే ఇవ్వు.

ఫోన్ కనెక్షన్ ప్రీపెయిడ్‌దే తీసుకో. రెండేళ్ల ఒప్పందం మీద ఫోన్, జిమ్ అంటే మధ్యలో వదిలించుకోవడం కష్టం. నీళ్ల సీసాల మీద 25 సెంట్లు డిపాజిట్ ఉంటుంది, ఖాళీ సీసాలు పారెయ్యకుండా సూపర్‌మార్కెట్ మెషీన్‌లో వేసి తీసుకో. ఆదివారం కొట్లు మూసేస్తారు, శనివారమే కూరగాయలు తెచ్చుకో. మధ్యాహ్నం యూనివర్సిటీ మెస్‌లోనే తిను, అక్కడే నలుగురూ పరిచయమవుతారు.

వచ్చే ఆదివారం నాయనను తీసుకుని అనంతపురం రా. అప్పు సంగతి మరిదితో నేనే కూర్చుని మాట్లాడతాను, ఆ మాటలు నువ్వు మొయ్యనక్కర్లేదు. సోమవారం బ్యాంకు పని చూసుకుని సాయంత్రం బస్సుకు తిరిగిపోవచ్చు. పాస్‌పోర్టు, వీసా, అడ్మిషన్ లేఖ జిరాక్సులు, పాన్ కార్డు మర్చిపోకుండా తెచ్చుకో.

మీ పెద్దమ్మ