నాయకుల విషయంలో 'ఆహార్యం' అనవచ్చా?

సందేహం: "ఫలానా నాయకుడు ఆహార్యం మార్చారు" అని పత్రికల్లో తరచూ చూస్తున్నాను. ఆహార్యం నాటకాల వాళ్ల మాట కదా! నాయకులకు వాడితే వాళ్లు నటిస్తున్నారని అన్నట్టు కాదా? మా స్నేహితుడైతే "ఆయన మాట్లాడే ఆహార్యమే వేరు" అని కూడా అంటున్నారు. ఇది సరైనదేనా?

సమాధానం: నాయకుల బట్టల గురించి చెప్పేటప్పుడు నిక్షేపంగా అనవచ్చు. మీ స్నేహితుడి వాక్యం మాత్రం కుదరదు.

నాట్యశాస్త్రంలో అభినయం నాలుగు రకాలు: ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. నడక, చేతులు ఊపడం ఆంగికం. మాటతీరు వాచికం. దుస్తులు, నగలు, రంగు, కిరీటం ఆహార్యం. తేవడం అనే అర్థమున్న ధాతువు నుంచే ఆహారం, ఆహార్యం రెండూ పుట్టాయి. లోపలికి తెచ్చుకునేది ఆహారం, ఒంటిమీదికి తెచ్చుకునేది ఆహార్యం. మొదటి అక్షరానికి దీర్ఘం మాత్రం మరిచిపోకండి. 'అహార్యం' అంటే కొండ! అచ్చులో ఈ పొరపాటు కనిపించినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

ఇక నటన సంగతి. కోరి తెచ్చుకున్నదంతా నటన కాదండీ. 1921 సెప్టెంబరు 22న మదురైలో గాంధీగారు చొక్కా, టోపీ వదిలేసి కొల్లాయి కట్టారు. ఖద్దరు కొనుక్కునే స్తోమత లేదని జనం చెబితే విని, బాగా ఆలోచించి తీసుకున్న నిర్ణయం అది. కొల్లాయి అంటే మోకాళ్లు దాటని చిన్న గుడ్డ. ఆ మాట నేటికీ మన నోళ్లలో ఉందంటే గాంధీగారి వల్లనే అని నా నమ్మకం. పదేళ్ల తర్వాత, 1931లో, ఆయన ఆ గుడ్డతోనే వైస్రాయి భవనం మెట్లెక్కడం చర్చిల్‌కు మింగుడుపడలేదు. 'అర్ధనగ్న ఫకీరు' అని ఈసడించాడు. మనకు కొల్లాయిగా కనిపించింది ఆయనకు నగ్నత్వంగా కనిపించింది. గాంధీగారు అదే ఏడాది లండన్‌లో రాజుగారి తేనీటి విందుకు కూడా అలాగే వెళ్లారు. ఇక్కడ ఆహార్యం అనే మాట ఎంత గౌరవంగా నిలుస్తుందో చూడండి.

ఎన్టీఆర్‌కు ఈ మాట మరీ బాగా నప్పుతుంది. తెరమీద రాముడిగా, కృష్ణుడిగా కిరీటాలు పెట్టుకున్న మనిషి, 1982లో పార్టీ పెట్టాక ఖాకీ బట్టల్లో చైతన్యరథం ఎక్కి ఊరూరా తిరిగారు. తర్వాత కాషాయం కట్టారు. బట్ట జనానికి ఏం చెబుతుందో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? వైఎస్ రాజశేఖర రెడ్డి విషయానికొస్తే, ఆ తెల్లటి పంచెకట్టు ఆహార్యం, చెయ్యి ఊపి పలకరించే తీరు ఆంగికం.

మీ అనుమానం 'వేషం' అనే మాట విషయంలో నిజమే. సంస్కృతంలో వేషమంటే ఉత్త దుస్తులే గాని, తెలుగులో "వేషాలెయ్యకు" అనగానే మోసం వాసన కొడుతుంది. 'వాలకం' కూడా అంతే. "వీడి వాలకం చూడు" అంటాం గాని, గౌరవించే మనిషి గురించి అనం. బట్టలూ మాటా కలిపి చెప్పాలంటే 'వేషభాషలు' అనే చక్కటి జంట ఉండనే ఉంది.

ఈ వరసలో నాకు బాగా ఇష్టమైన మాట 'దర్జా'. ఉర్దూలో దర్జా అంటే తరగతి, స్థాయి. మన దగ్గరికి వచ్చేసరికి "దర్జాగా కూర్చున్నాడు" అయింది. స్థాయిని చెప్పే మాట కూర్చునే తీరును చెప్పే మాటగా మారింది. కాలుమీద కాలేసుకుని కూర్చున్నవాణ్ని చూసి పెద్ద హోదాలో ఉన్నాడనుకునే మన అలవాటంతా ఆ చిన్న మాటలో ఉంది.

'ఆడంబరం' మొదట ఒక రకం భేరికి, దాని మోతకు పేరు. ఆ మోత లేకపోవడమే నిరాడంబరం. పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లిన పుచ్చలపల్లి సుందరయ్యగారిని నిరాడంబరుడు అంటున్నామంటే, భేరి మోగించుకోని మనిషి అంటున్నామన్నమాట. సైకిల్‌ను మాత్రం ఆహార్యంలో కలపకండి.

మీ స్నేహితుడి వాక్యాన్ని ఇలా మార్చుకుంటే సరిపోతుంది: "ఆయన మాట్లాడే తీరే వేరు."