ఈ టాపిక్ తీసుకుంటే మా అమ్మాయి ఇరుక్కుపోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎం.ఫార్మసీ చదువుతోంది. సూపర్‌క్రిటికల్ కార్బన్ డయాక్సైడ్‌తో బయోడీగ్రేడబుల్ పాలిమర్లలోకి (వాటంతటవే విచ్ఛిన్నమయ్యే ప్లాస్టిక్ లాంటి పదార్థాల్లోకి) మందు ఎక్కించే పనిని ప్రాజెక్టుగా తీసుకుంటానంటోంది. గ్రీన్ టెక్నాలజీ కాబట్టి మంచి భవిష్యత్తు ఉందని కొందరు, మరీ ఇరుకైన సబ్జెక్టని ఇంకొందరు అంటున్నారు. మామూలు టాబ్లెట్ ఫార్ములేషన్ (మాత్రల రూపకల్పన) తీసుకోమని చెప్పాలా? రెండూ పోల్చి చెప్పండి. - ఒక తల్లి

జవాబు: అమ్మా, టాపిక్ పేరు మారుతుందే తప్ప ఈ ప్రశ్న నాకు ఏటా వస్తూనే ఉంటుంది. మీ భయం కార్బన్ డయాక్సైడ్ గురించి కాదు, ఇప్పుడు తప్పటడుగు వేస్తే పిల్ల జీవితం అక్కడే ఆగిపోతుందేమోనని. ఆగిపోదు. పీజీలో చేసిన ప్రాజెక్టుకు పూర్తిగా వేరే పనిలో స్థిరపడినవాళ్లను నేను ఎంతోమందిని చూశాను.

అసలు ఆ పనేమిటో తెలిస్తే మీకు సగం టెన్షన్ తగ్గుతుంది. కార్బన్ డయాక్సైడ్ 31 డిగ్రీల సెల్సియస్ వేడి, సుమారు 74 బార్ల పీడనం దాటితే అటు గ్యాసూ కాదు, ఇటు ద్రవమూ కాదు. ఆ స్థితినే సూపర్‌క్రిటికల్ అంటారు. గ్యాసులా సందుల్లోకి దూరుతుంది, ద్రవంలా మందును కరిగించుకుంటుంది. పాలీలాక్టిక్ యాసిడ్ లాంటి పాలిమర్‌ను అందులో ఉంచితే ఉబ్బి మెత్తబడుతుంది, మందు లోపలికి దిగుతుంది. పీడనం దించగానే గ్యాసు వెళ్లిపోతుంది, మందు లోపలే ఉండిపోతుంది. మరీ వేగంగా దించితే పాలిమర్ నురగలా పొంగిపోతుంది. హానికరమైన సాల్వెంట్ (కరిగించే ద్రవం) మిగిలిపోతుందన్న బెంగ లేదు, వేడికి చెడిపోయే మందులకూ పనికొస్తుంది. ఒంట్లో కలిసిపోయే కుట్టుదారాలు, ఇంప్లాంట్లు, ఆహారం చుట్టే ఫిల్ముల మీద ఈ పద్ధతితో పరిశోధనలు జరుగుతున్నాయి. నాకైతే ముచ్చటైన సైన్స్ అనిపిస్తుంది.

కానీ ‘గ్రీన్’ అన్న మాట విని మురిసిపోకండి. దాని మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. పాలీలాక్టిక్ యాసిడ్‌ను మామూలు మట్టిలో పడేస్తే ఏళ్లతరబడి అలాగే ఉండవచ్చు. త్వరగా కుళ్లాలంటే 60 డిగ్రీలకు దగ్గరగా వేడి ఉండే కంపోస్టు ప్లాంటు కావాలి. గ్యాసును అంత పీడనానికి తేవడానికి కరెంటు ఖర్చవుతుంది, ఆ పీడనాన్ని తట్టుకునే పాత్రలు ఖరీదైనవి, పని కూడా విడతలు విడతలుగానే సాగుతుంది. నీటిలో బాగా కరిగే మందులు చాలావరకు ఇందులో సరిగా కరగవు. అప్పుడు కొంచెం ఇథనాల్ కలపాల్సి వస్తుంది. కాఫీ గింజల్లోంచి కెఫీన్ తీయడానికి ఇదే గ్యాసును ఫ్యాక్టరీల్లో దశాబ్దాలుగా వాడుతున్నారు, నిజమే. పాలిమర్లోకి మందు ఎక్కించడం మాత్రం ఇంకా ఎక్కువగా ల్యాబుల్లోనే ఉంది. కంపెనీలు ఈ పని నేర్చినవాళ్ల కోసం ఎదురుచూస్తున్నాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇంకో మాట. మీ ఉత్తరంలో ‘కొందరు’ ఉన్నారు, ‘ఇంకొందరు’ ఉన్నారు. మీ అమ్మాయి ఈ టాపిక్ ఎందుకు కోరుకుందో ఒక్క వాక్యం లేదు. అడిగారా? డిగ్రీ పూర్తి చేసి పీజీ చదువుతున్న పిల్లకు ఏది తీసుకోవాలో మీరు చెప్పడం, ఏం చెప్పాలో మీకు నేను చెప్పడం సరైన పద్ధతి కాదమ్మా. మీ ఆందోళనంతా ఆమె నెత్తిన పెట్టకండి.

పోలిక అడిగారు కదా. టాబ్లెట్ ఫార్ములేషన్‌లో ఉద్యోగాలు ఎక్కువ, వాటికోసం వచ్చేవాళ్లూ ఎక్కువే. ఈ టాపిక్ పేరుతో నేరుగా దొరికే ఉద్యోగాలు తక్కువ. అయితే ఎన్ని గంటల్లో ఎంత మందు విడుదలైందో కొలవడం, హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) నడపడం, పాలిమర్ ఏ వేడికి మెత్తబడుతుందో డీఎస్‌సీ అనే, వేడి చేస్తూ పదార్థంలో మార్పులు కొలిచే యంత్రంలో చూడడం ఇక్కడా నేర్చుకుంటుంది. ఫార్ములేషన్ ఉద్యోగానికి వెళ్లినా ఇవే అడుగుతారు. కాబట్టి ఆ తలుపు మూసుకుపోదు, ధైర్యంగా ఉండండి.

నిజంగా వాకబు చేయాల్సింది వేరే ఉంది. నా దగ్గరికి వచ్చిన ఒక విద్యార్థికి హై ప్రెషర్ పంపు చెడిపోయి, విడిభాగం రాక, నెలల తరబడి పని ఆగిపోయింది. అందుకే మీ అమ్మాయిని చేరేముందే ఒకసారి ల్యాబుకు వెళ్లి రమ్మనండి. పరికరం ఇప్పుడు నడుస్తోందా, సేఫ్టీ వాల్వ్ చివరిసారి ఎప్పుడు పరీక్షించారు, పక్కనుండి నేర్పే సీనియర్ ఎవరైనా ఉన్నారా, ఎంచుకున్న మందు ఆ గ్యాసులో కరుగుతుందని ముందే చూశారా అని గైడ్‌ను అడగమనండి. వీటికి సరైన జవాబులు వస్తే చేరనివ్వండి. రాకపోతే అదే గైడ్ దగ్గర వేరే టాపిక్ అడగవచ్చు, అందులో చిన్నతనం ఏమీ లేదు.