విజయవాడ బాపు మ్యూజియం మీద రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలప్పుడు పింగళి వెంకయ్యగారు ఆ మ్యూజియం భవనంలో గాంధీజీకి జెండా నమూనా ఇచ్చిన ఘట్టం బాగా వచ్చింది. కానీ చదివితే ఆ భవనం ఆ ఒక్క రోజు కోసమే పుట్టినట్టుంది. నాకు నచ్చనిది అదే.

విక్టోరియా రాణి గద్దెనెక్కి యాభై ఏళ్లయిన సందర్భంగా 1887లో దానికి శంకుస్థాపన చేసింది కృష్ణా జిల్లా కలెక్టర్ రాబర్ట్ సీవెల్. ఆయనే అంతకు పదేళ్ల ముందు, 1877లో, అమరావతి బౌద్ధ స్తూపం దగ్గర తవ్వించాడు. అప్పటికే అక్కడ మిగిలింది కొంచెం. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త ఊరు కట్టిస్తుంటే ఆ స్తూపం దిబ్బలోని ఇటుకలూ రాతిపలకలూ కొత్త కట్టడాలకు తరలిపోయాయి. శిల్పాలను కాల్చి సున్నం చేసుకున్నవాళ్లూ ఉన్నారు. మిగిలినవాటిలో చాలా భాగం ఇప్పుడు చెన్నైలో, లండన్‌లో ఉన్నాయి. జమీందారును దోషిగా నిలబెట్టమనడం లేదమ్మా. ఆయనకు అది పాత దిబ్బ, అంతే. మ్యూజియంలో అల్లూరులో దొరికిన బుద్ధ విగ్రహం గురించి రాసేటప్పుడు మాత్రం ఇదంతా మనసులో పెట్టుకో. దక్కిన విగ్రహం గురించి రాయడం వేరు, దక్కనివి ఎన్నో తెలిసి రాయడం వేరు.

భవనాన్ని బాగుచేయడం గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశావు. నాకైతే అసలు కథ అక్కడుంది. ఆ కాలం గోడలు డంగు సున్నంతో కట్టినవి. అవి చెమ్మ పీల్చుకుంటాయి, మళ్లీ బయటికి వదిలేస్తాయి. గట్టిగా ఉంటుందని పైన సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది, ఉప్పు పైకి తేలుతుంది, పెచ్చులు ఊడతాయి. పాత ఇళ్లు మంచి ఉద్దేశంతో చేసిన రిపేరు వల్లే ఎక్కువ పాడవడం మన గుంటూరు జిల్లాలోనే ఎన్నిచోట్ల చూశానో! ఆ బాధ నన్ను వదలదు.

అందుకే పుస్తకాలు చాలు, ఇక సున్నం పని తెలిసిన మేస్త్రీని పట్టుకో. సున్నం ఎన్నాళ్లు నానబెడతారో, బెల్లం నీళ్లు ఎందుకు కలుపుతారో అడుగు. ఆయన మాట ఆయన యాసలోనే రాయి, దిద్దకు. వానలు మొదలయ్యాక ఇంకోసారి వెళ్లి, కప్పు మీది నీళ్లు ఎటు పోతున్నాయో, గోడ అడుగున ఎంత ఎత్తుదాకా తడిసిందో చూడు. జెండా ఘట్టాన్ని సగానికి తగ్గించి ఇదంతా అక్కడ చేర్చు. దసరాలోపు పంపితే చదివి పెడతాను.